వెలలు తగ్గుచున్నపుడు ఇంటి వెల యెంత?

మన యిండ్లలో బంగారము వెల తెలియని స్త్రీ యుండదు. నిన్నటికి నేటికి గ్రామునకు ఎంత పెరిగినదో, ఎంత తగ్గినదో ఉదయమున కాఫీ త్రాగుచునే చెప్పగలవారు పెక్కుమంది గలరు. కందిపప్పు వెల, వంటనూనె వెల, గ్యాసు బండ వెల మనకు కంఠస్థములు. కాని తాము కాపురముండు ఇంటి వెల యెంత యని యడిగినచో, "అది మావారికి తెలియును" అనియో, "ప్రక్కయింటివారిది డెబ్బది లక్షలకు పోయినదట" అనియో బదులు చెప్పుదురు. ఇంటిలోని సమస్త వస్తువుల వెలలు తెలిసిన యిల్లాలికి ఇంటి వెల మాత్రము తెలియకపోవుట వింత గాదా?

వెలలు పెరుగుచుండు దినములలో ఈ యెఱుగమివలన పెద్ద చిక్కు రాదు. మనము ఇంటికి కొంచెము ఎక్కువ చెప్పినను, ఆఱు మాసములు తాళినచో లోకమే మన మాటవద్దకు వచ్చును. వెలలు దిగుచుండు దినములలో సంగతి వేరు. అప్పుడు మన లెక్కలోని తప్పును కాలము దిద్దదు సరికదా, మాసము గడచినకొలది పెద్దది చేయును. ఆ నష్టము తఱచుగా ఎవరి కొంగున పడుచున్నదో చూడుడు. భర్త పోయిన పిమ్మట ఇల్లమ్మి అప్పు తీర్చవలసిన స్త్రీ. తోబుట్టువులతో భాగము పంచుకొనవలసిన ఆడపడుచు. భర్తతోపాటు బ్యాంకు కాగితములపై సంతకము చేసి, ఇరువది యేండ్లు వాయిదాలు కట్టుటకు ఒప్పుకొన్న ఉద్యోగిని. వీరి ముగ్గురి కొఱకే ఈ మాసము ఈ విషయమునుగూర్చి వ్రాయుచున్నాము.

మాకు పిన్నమ్మ వరుస యగు నొక పెద్దావిడ మంగళగిరి ప్రాంతమున నుండెడివారు. వారిది 200 చదరపు గజముల స్థలము. అందులో 1997లో కట్టిన 1,200 చదరపు అడుగుల డాబా. లెక్కకు సులువుగా నుండుటకై ఇందలి అంకెలను మేము కొంచెము సర్ది వ్రాయుచున్నాము. 2014లో రాష్ట్రము రెండయిన పిమ్మట క్రొత్త రాజధాని విజయవాడ గుంటూరుల నడుమ కృష్ణయొడ్డున వెలయునని ప్రకటించిరి. 2015 అక్టోబరు 22వ తేదీన అమరావతికి శంకుస్థాపన జరిగెను. 29 గ్రామములవారు 33 వేల యెకరములకు పైబడిన భూమిని సమీకరణమున ఇచ్చిరి. ఆ గ్రామములకే గాక చుట్టునున్న ఊళ్లన్నిటికిని వెలల జ్వరము తగులుకొనెను. 2017లో ఒక దళారి పిన్నమ్మగారి వసారాలో కూర్చుండి, కాఫీ త్రాగి, ఇంటికి 75 లక్షలు ఇప్పింతునని పలికెను. బాబాయిగారు నవ్వి, "కోటికి తక్కువైనచో మాటయే లేదు" అని పంపివేసిరి.

2019లో బాబాయిగారు జబ్బుపడి, ఆగస్టు మాసమున కాలము చేసిరి. వైద్యమునకై వారు నోటు వ్రాసి తెచ్చిన 8 లక్షల అప్పు, నూటికి నెలకు 2 రూపాయల వడ్డీతో, పిన్నమ్మగారి మీద నిలిచెను. అనగా నెలకు 16,000 రూపాయలు. బాబాయిగారు ఉపాధ్యాయులు గావున వచ్చు కుటుంబ పింఛనులో పెద్ద పాలు వడ్డీకే పోవుచుండెను. ఇల్లమ్మక తప్పదని అప్పుడే తేలినది. నవంబరులో ఒకరు వచ్చి 62 లక్షలు ఇత్తుమనిరి. పిన్నమ్మగారు 75 అనిరి. డిసెంబరు 17వ తేదీన శాసనసభలో మూడు రాజధానుల ప్రస్తావన వచ్చెను. మఱునాటినుండి ఆ ప్రాంతమున కొనువారు చల్లగా తప్పుకొనసాగిరి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన బేరము 55 లక్షలు. అప్పటికి పిన్నమ్మగారు 62కు సమ్మతించియున్నారు. మార్చిలో కరోనా వచ్చి దేశమంతయు తలుపులు మూసికొనెను. సెప్టెంబరులో 48 లక్షలన్నపుడు ఆమె 55కు సిద్ధముగా నుండిరి. 2021 జనవరిలో 42 లక్షల మాట వచ్చెను. చూచితిరా! ఆమె ప్రతిమారును గడచిపోయిన బేరమునకు ఒప్పుకొనుచుండిరే గాని, ఎదుట నిలిచిన బేరమునకు గాదు. దిగుచున్న నీటివెంట మెట్లు దిగువాడు ఒక మెట్టు వెనుకనే యుండిపోవునట్లు, వెలవెంట ఆమె నడచుచుండిరి.

ఆ ఫిబ్రవరిలో మేము వారి యింటికి వెళ్లితిమి. మాటల సందర్భమున ఆమె, "ఆయన కాదన్న ధరకు నేనెట్లు ఔనందును, అమ్మాయీ?" అనిరి. ఈ మాటను తేలికగా తీసివేయుటకు మాకు మనసొప్పలేదు. కాని మా తోచిక ఇది: 2017నాటి 75 లక్షలు ఒక వెల గాదు, ఒక మాట మాత్రమే. బయానా చేతిలో పడలేదు, కాగితము వ్రాయలేదు, కొనువాడెవ్వడో కూడ తెలియదు. దళారి నోటినుండి వచ్చినదానిని వెల యనుకొని మనము నాలుగేండ్లు మోసినచో దళారికి పోవునదేమున్నది? అతడు త్రాగినది ఒక గ్లాసు కాఫీ. ఈ సంగతి పిన్నమ్మగారు గ్రహించిన పిమ్మట, మనుమని నోటుపుస్తకమొకటి తెచ్చి మేమిద్దరము లెక్కకు కూర్చుంటిమి.

మొదట స్థలము. ఒక స్థలము వెల తెలియవలెనన్నచో, దాని చుట్టుప్రక్కల ఇటీవల నిజముగా అమ్ముడుపోయిన స్థలముల వెలలు కనుగొనవలెను. అమ్మువారు అడుగుచున్న ధరలు ఇందుకు పనికిరావు. అడుగుటకు ఎవరైనను ఎంతైనను అడుగవచ్చును. సబు రిజిస్ట్రారు కచేరిలో ఈసీ తీయించినచో ఏ స్థలము ఎన్నడు చేతులు మాఱినదో తెలియును. దస్తావేజు నకలు కూడ రుసుము చెల్లించి పొందవచ్చును. అయితే దస్తావేజులోని అంకెను కన్నులు మూసికొని నమ్మరాదు. సర్కారు నిర్ణయించిన వెలకే దస్తావేజు వ్రాయించి, తక్కిన సొమ్మును చీకటిలో చేతికిచ్చు దురాచారము మన దేశమున బాగుగా పాతుకొనియున్నది. కావున కచేరి కాగితముతోపాటు, అమ్మినవారిని, కొన్నవారిని, వారి చుట్టములను నెమ్మదిగా విచారింపవలెను. ఈ పనిలో పురుషులకన్న స్త్రీలకే నేర్పెక్కువయని మా యనుభవము. పేరంటమున కూర్చుండి తెలిసికొనలేని రహస్యము ఊరిలో ఏది?

పిన్నమ్మగారి వీధికి దగ్గఱలో మూడు విక్రయములు తేలినవి. 2020 మార్చి మొదటి వారమున, లాక్‌డౌనుకు ముందు, ఖాళీస్థలమొకటి గజము 20,000 చొప్పున పోయెను. అక్టోబరులో మఱొకటి 18,000 చొప్పున. మూడవది 12,000కే పోయినదని వినగానే పిన్నమ్మగారి ముఖము పాలిపోయెను. విచారింపగా అది బావగారు మఱదికి ఇచ్చినదని తేలినది. చుట్టముల నడుమ జరిగిన విక్రయమును, వేలములో పోయినదానిని లెక్కనుండి తీసివేయవలెను. మూలస్థలమునకు ఎక్కువ పలుకును. వీధిపోటు గలదానికి తక్కువ పలుకును. వాస్తు విషయమును మనము నమ్మినను నమ్మకున్నను, కొనువారు నమ్ముదురు గనుక దానిని లెక్కలో వేయక తప్పదు. పిన్నమ్మగారి యిల్లు తూర్పుముఖము, పోటు లేదు.

ఇక్కడనే చాలమంది పొరబడుదురు. అక్టోబరులో 18,000కు పోయినది గనుక మనది కూడ 18,000 అనుకొందురు. వెలలు నిలకడగా నున్నచో అది సరియే. దిగుచున్నపుడు మాత్రము గడచిన విక్రయము నిన్నటి వెలను చెప్పునే గాని నేటి వెలను చెప్పదు. పైగా బేరము కుదిరిన దినమునకు, దస్తావేజు వ్రాసిన దినమునకు నడుమ రెండు మూడు మాసములు గడచును; అక్టోబరు దస్తావేజు వెనుక ఆగస్టు బేరముండవచ్చును. మార్చినుండి అక్టోబరువఱకు 7 మాసములలో గజమునకు 2,000 తగ్గెను. ఆ వడినే ఫిబ్రవరివఱకు 4 మాసములు నడిపించినచో మఱి 1,100 తగ్గును. అందుచేత గజము 17,000 అని వేసితిమి. రెండు విక్రయములనుబట్టి వడిని కొలుచుట బలమైన ఆధారము గాదు. అయినను తేదీని లెక్కింపకుండుటకంటె మేలు. 200 గజములకు 34 లక్షలు.

తరువాత కట్టడము. అట్టి యిల్లు ఆ యేడు క్రొత్తగా కట్టించుటకు చదరపు అడుగునకు 1,500 చొప్పున 18 లక్షలగునని మేస్త్రీ చెప్పెను. సిమెంటు కాంక్రీటు డాబాకు అరువది యేండ్ల ఆయుర్దాయమని ఇంజనీర్లు లెక్కవేయుట కద్దు. 24 ఏండ్లు గడచినవి. అనగా నూటికి 40 పాళ్లు అరిగిపోయినట్లు. మిగిలినది 10 లక్షల 80 వేలు. అందులోనుండి వానకు కాఱుచున్న వంటయింటి కప్పునకు, పాతబడిన కరెంటు తీగెలకు లక్షన్నర తీసివేసితిమి. కొనువాడు ఆ రెండింటిని చూపి మూడు లక్షలు తగ్గింపుమనక మానడు. మేస్త్రీచేత ముందే అంచనా వ్రాయించుకొన్నచో నోరు మూయవచ్చును. బాబాయిగారు ముచ్చటపడి వేయించిన టేకు తలుపు, పూజగదిలోని పాలరాయి మాట వచ్చినపుడు పిన్నమ్మగారి గొంతు కొంచెము గద్గదమయ్యెను. వానికి పుస్తకములో వేఱుగా ఏమియు వ్రాయలేదు. స్థలము, కట్టడము కలిసి 43 లక్షల 30 వేలు తేలినవి.

ఇక మూడవ లెక్క. అన్నిటికంటె దీనినే మన స్త్రీలు ముఖ్యముగా నేర్చుకొనవలెనని మా కోరిక. ఆ యింటిని అద్దెకిచ్చినచో నెలకు 9,000 వచ్చును, ఏడాదికి 1,08,000. ఏడాదిలో ఒక మాసము ఖాళీగా నుండుననియు, ఇంటిపన్నునకు మరమ్మతులకు మఱి 9,000 పోవుననియు అనుకొన్నచో మిగులునది 90,000. మన పట్టణములలో ఇంటిమీద పెట్టిన నూఱు రూపాయలకు ఏడాదికి అద్దె 2, 3 రూపాయలకంటె ఎక్కువ రాదు. 90,000 అనునది 2 రూపాయల చొప్పున రావలెనన్నచో ఇల్లు 45 లక్షలు చేయును. రెండున్నర చొప్పున 36 లక్షలు. 3 చొప్పున 30 లక్షలు. ఆ యేడు బ్యాంకులో ఊరక వేసియుంచిన సొమ్మునకే నూటికి 5 రూపాయలకు పైగా వడ్డీ వచ్చుచుండెను. మఱి కొనువాడు రెండు రూపాయల అద్దెకు సంతోషించుట యేల? ఎందుకన, తక్కిన లాభము వెల పెరుగుటవలన వచ్చునని యతని యాశ.

ఇప్పుడు 2017నాటి 75 లక్షలను ఈ తక్కెడలో పెట్టి చూడుడు. 75 లక్షలమీద 90,000 అనగా నూటికి 1 రూపాయి 20 పైసలు. రెండున్నర చొప్పున అద్దెకు తగిన వెల 36 లక్షలే. తక్కిన 39 లక్షలు రాజధానిమీది యాశ. ఇటుకలకు సున్నమునకు దానితో సంబంధము లేదు. ఒకనాటి ప్రకటనతో వచ్చిన యాశ మఱొకనాటి ప్రకటనతో పోయినది. ఇంటి వెల యెంతవఱకు దిగవచ్చునో తెలియగోరు ఇల్లాలు తన యింటికి వచ్చు అద్దెను చూచుకొన్నచో చాలును. ఆశ పూర్తిగా పోయినపుడు వెల వచ్చి నిలుచుచోటు దాదాపుగా అదియే. పిన్నమ్మగారు ఈ లెక్క విని చాలసేపు మాటలాడలేదు. పిదప, "అయితే పోయినది మన సొమ్ము గాదన్నమాట" అనిరి. మేము ఔనంటిమి.

కాబట్టి ఇంటి వెల ఒక అంకె గాదు, 36 నుండి 43 లక్షలవఱకు నొక మేర. అందు ఏ కొసకు మొగ్గవలెనను ప్రశ్నకు బదులు ఇంటిలో లేదు, అమ్మువారి యవసరములో నున్నది. బ్యాంకులకొఱకు వెలకట్టు ఇంజనీర్లు కూడ ఒకే యింటికి మూడు అంకెలు వ్రాయుదురు: సరసమైన వెల, చేతికి రాదగిన వెల, తొందరలో అమ్మవలసివచ్చినపటి వెల. ఆరుమాసములు తాళగలవారికి మొదటిది. నెలలో అమ్మవలసినవారికి మూడవది. ఇట్టి ఇంజనీరునకు రుసుమిచ్చి కాగితము వ్రాయించుకొనుట వృథావ్యయము గాదు. కొనువాడు అప్పు తెచ్చువాడేయైనచో, బ్యాంకు తన యింజనీరు వ్రాసిన వెలనుబట్టియే అప్పిచ్చును. 30 లక్షలు మించి 75 లక్షలవఱకు గల యప్పులలో ఇంటి వెలలో నూటికి 80 పాళ్లకు మించి ఈయరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. మనకు 43 అని నోరూరినను, బ్యాంకు ఇంజనీరు 38 వ్రాసినచో కొనువాని చేతిలోని సొమ్ము ఆ మేరకు కుఱుచయగును.

పత్రికలలో వచ్చు సూచికలనుగూర్చి ఒక మాట. జాతీయ గృహనిర్మాణ బ్యాంకువారు 2007 నుండి రెసిడెక్సు అను పేర ఇండ్ల వెలల సూచికను ప్రకటించుచున్నారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములు కూడ అందులో నున్నవి. గాలి యెటు వీచుచున్నదో తెలియుటకు అది మంచిది. మీ వీధిలోని యింటికి మాత్రము అది వెలకట్టదు. అంతకంటె ముందుగా వాడవారికే తెలియు గుర్తులు గలవు. వెలలు దిగుటకు ముందు విక్రయములు తగ్గును. అమ్మువారు పాత ధరనే చెప్పుచుందురు, కొనువారు మాత్రము రారు. గోడమీద "అమ్మబడును" అను బోర్డు ఎండకు వెలిసిపోయినదా? ఒకే వీధిలో అట్టి బోర్డులు రెండు మూడయినవా? ఈ రెండు ప్రశ్నలు అడిగిన యిల్లాలు దళారికన్న ముందుగా సంగతి గ్రహింపగలదు.

సర్కారు వెల యనునది వేఱు. రిజిస్ట్రేషను శాఖవారు వీధివీధికి నిర్ణయించిన ధర యది. స్టాంపు రుసుము దానినిబట్టియే కట్టవలెను. వెలలు పెరుగు దినములలో సర్కారు వెల బజారు వెలకు క్రిందనుండుట పరిపాటి. వెలలు దిగునపుడు సర్కారు అంత త్వరగా దిగదు గనుక, ఒక్కొక్కచోట బజారు వెలయే క్రిందికి పోవును. అప్పుడు రెండు చిక్కులు వచ్చును. కొనువాడు తాను చెల్లింపని వెలకు కూడ స్టాంపు రుసుము కట్టవలెను గనుక ఆ మొత్తమును బేరములో తగ్గించును. అమ్మినవారికి అంతకన్న పెద్ద చిక్కు: అమ్మిన ధరకన్న సర్కారు వెల నూటికి 10 పాళ్లకు మించి ఎక్కువగా నున్నచో, ఆదాయపు పన్ను శాసనము సర్కారు వెలకే అమ్మినట్లు భావించి లాభము లెక్కకట్టును. చేతికి రాని సొమ్ముమీద పన్ను! దీనికి మందు లేకపోలేదు. బజారు వెల నిజముగా తక్కువయని చెప్పి, వెలకట్టు అధికారికి పంపవలసినదిగా పన్ను అధికారిని కోరుకొను హక్కు శాసనములోనే కలదు. ఇంజనీరు కాగితము, చుట్టుప్రక్కల విక్రయముల నకళ్లు అప్పుడు అక్కఱకు వచ్చును. బేరము కుదిరినపిమ్మట గాక, కుదురుటకు ముందే ఆడిటరును విచారించుకొనవలెను.

పిన్నమ్మగారి యింటి చిక్కు ఇంకొకటి యుండెను. ఆ యిల్లు బాబాయిగారి స్వార్జితము, వీలునామా వ్రాయలేదు. 1956నాటి హిందూ వారసత్వ శాసనము ననుసరించి భార్యకు, కుమారునకు, కుమార్తెకు సమానభాగములు. పిత్రార్జితములో ఆడుబిడ్డలకు మన రాష్ట్రమున 1985 నుండియు, దేశమంతటను 2005 నుండియు మగబిడ్డలతో సమానమైన హక్కు వచ్చినది. తండ్రి 2005కు ముందే గతించినను కుమార్తె హక్కు చెడదని 2020 ఆగస్టులో సుప్రీముకోర్టు తేల్చినది. హక్కు కాగితముపై వచ్చినది సరే. భాగము ఎంతయని తేల్చునది మాత్రము ఇంటికి కట్టు వెలయే గదా!

బెంగుళూరులోనున్న కుమారుడు తండ్రి కట్టిన యిల్లు పరులపాలు చేయనొల్లక, తాను ఉంచుకొని తల్లికి చెల్లెలికి సొమ్మిత్తుననెను. వెల మాత్రము 30 లక్షలనెను. హైదరాబాదులోనున్న కుమార్తె, "నాన్నగారి కాలమున 75 అన్నారు గదా" అనెను. ఇద్దఱును మంచివారే. ఇల్లు ఉంచుకొనువానికి వెల తక్కువయని తోచుట, సొమ్ము పుచ్చుకొనువారికి ఎక్కువయని తోచుట సహజము. వెలలు దిగునపుడు ఈ దూరము మఱింత పెరుగును, ఎందుకన ఇద్దఱి చేతులలోను తమకు అనుకూలమగు తేదీ యొకటి యుండును. పిల్లలకు జామపండు పంచునపుడు తల్లులు చేయు పనినే మేము చేసితిమి. ఒకరు కోయవలెను, మఱొకరు ముందుగా ఎంచుకొనవలెను. "నాయనా, నీవే యొక వెల చెప్పుము. ఆ వెలకు ఇల్లు నీవు తీసికొందువా, చెల్లెలు తీసికొనునా యనుటను ఆమె నిర్ణయించును" అంటిమి. అబ్బాయి రెండుదినములు ఆలోచించి 40 అనెను. కుమార్తె, "ఆ వెలకు నేను తీసికొనలేను, అన్నయ్యా, నీవే తీసికొమ్ము" అనెను. తీరా చూడగా అంత సొమ్ము సమకూర్చుకొనుట అతనికిని సాధ్యము గాలేదు. బయటివారికి అమ్ముటకు ముగ్గురును సమ్మతించిరి. అన్నాచెల్లెండ్రు నేటికిని పండుగలకు కలిసికొనుచున్నారు. లెక్కలవలన విడిపోయిన కుటుంబములను చూచినవారము గనుక దీనిని వ్రాయుచున్నాము.

2021 మార్చిలో 43 అడిగి, 41 లక్షలకు ఇచ్చివేసిరి. అప్పు 8 లక్షలు ముందుగా తీర్చగా 33 మిగిలెను. తలకు 11 లక్షలు. 2019 నవంబరునుండి తాళిన 16 మాసములకు అప్పటికే 2,56,000 వడ్డీ పోయెను. ఆ సంఖ్యను పిన్నమ్మగారే నోటుపుస్తకములో ఎఱ్ఱసిరాతో వ్రాసిరి.

ఇంటిమీద బ్యాంకు అప్పుండి, ఇంటి వెల అప్పుకన్న క్రిందికి దిగినవారి బాధ ఇంతకంటె కఠినము. 1997 నుండి 2003 వఱకు హాంగుకాంగులో ఇండ్ల వెలలు సగమునకు పైగా పడిపోయి, లక్షకు పైగా కుటుంబములు ఆ దశకు వచ్చినవి. అమెరికాలో 2006 నుండి 2012 వఱకు దేశమంతటి సగటున నూటికి 27 పాళ్లవఱకు తగ్గెను. అచ్చటి మన తెలుగు కుటుంబములకును ఆ యేండ్లు తెలియును. అట్టి స్థితిలో వాయిదాలు కట్టుకొనుచు అచ్చటనే కాపురముండగలవారికి ఇంటి వెల నేడెంతయను ప్రశ్న అంత తొందరది గాదు. ఉద్యోగము మాఱి ఊరు విడువవలసినవారికి, భాగము పంచవలసినవారికి, అప్పు నెత్తిమీద నున్నవారికి మాత్రము అది నేటి ప్రశ్నయే.

దిగిన వెల మరల ఎక్కునా యని చాలమంది సోదరీమణులు మమ్ము అడుగుచుందురు. రెండు విధములుగను జరిగినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడలమీద జపాను విమానములు బాంబులు వేసినపుడు చెన్నపట్టణమునుండి జనము గుంపులుగా వెడలిపోయిరి. హైకోర్టును సైతము కోయంబత్తూరునకు తరలించిరి. ఇండ్లు విడిచిపోవువారు వచ్చినకాడికి అమ్ముకొనిరని పెద్దలు చెప్పుదురు. ఆ భయము తొలగినది. యుద్ధము ముగిసిన కొలదికాలమునకే ఆ నగరమున ఇల్లు దొరకుట గగనమై, 1946లోను 1949లోను అద్దెల నియంత్రణకు శాసనములు చేయవలసి వచ్చెను. జపానులోనో, 1991 ప్రాంతమున దిగనారంభించిన స్థలముల వెలలు పదేండ్లు దాటినను ఎక్కలేదు. భయమువలన తగ్గిన వెల భయము తీరగానే లేచినది. అతిశయించిన యాశ విరిగి తగ్గిన వెల అట్లు లేవలేదు.

మంగళగిరి కథ యేమైనదని మీరడుగుదురు. మూడు రాజధానుల శాసనమును 2021 నవంబరులో ఉపసంహరించిరి. 2022 మార్చి 3వ తేదీన అమరావతినే రాజధానిగా అభివృద్ధి చేయవలెనని హైకోర్టు తీర్పు చెప్పినది. 2024 జూనులో ప్రభుత్వము మాఱగానే ఆ ప్రాంతపు వెలలకు మరల ప్రాణము వచ్చినది. 2025 మే 2వ తేదీన పనులు తిరిగి ప్రారంభమైనవి. పాత వీధివారు ఫోను చేసి, "తొందరపడితిరి, పిన్నిగారూ" అనుచుందురట. ఆమె వాదింపరు. 2021 మార్చినుండి 2024 జూనువఱకు 39 మాసములు. నెలకు 16,000 చొప్పున 6,24,000 రూపాయలు తాము కట్టనవసరము లేకపోయిన వడ్డీయని ఆ నోటుపుస్తకములోనే వ్రాసియుంచుకొన్నారు. ఆ మూడేండ్లు అప్పులవాడు గుమ్మమున నిలువకుండుటకు అందులో ఏ యంకెయు వేయలేదు.

ఇప్పుడామె హైదరాబాదులో కుమార్తెవద్ద నున్నారు. కుమార్తె యొక ఫ్లాటు చూచుకొనుచున్నది. క్రిందటి మాసము మేము వెళ్లినపుడు ఒక దళారి వచ్చి, ఆ అపార్టుమెంటులోనే పై యంతస్తుది అంతకు పోయినది, ఇంతకు పోయినదని వరుసగా చెప్పుచుండెను. పిన్నమ్మగారు కళ్లజోడు పెట్టుకొని, నోటుపుస్తకము తెఱచి, "ఏ నెలలో పోయినది, నాయనా? దస్తావేజు నంబరు తెచ్చితివా? అద్దెకిచ్చినచో ఎంత వచ్చును?" అని యడిగిరి. అతడు కనుగొని వచ్చెదనని చెప్పి, కాఫీ త్రాగకయే లేచెను.